ఆరువందల పదకొండు తర్వాత

బసయ్,
1991 మార్చి 9

ఉతోయ్,

నీకు రాసి నెల దాటింది. ఓడ మునిగిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో ఎవరూ పెన్ను పట్టుకోవడం లేదు. పోస్టాఫీసులో మొరాలెస్ ఈగలు తోలుకుంటూ కూర్చుంటున్నాడు. "బితువోన్" మనీలా నుంచి వస్తూ మన ఒక్క ఊరివాళ్ళనే తొమ్మిదిమందిని పట్టుకుపోయింది. ఆరుగురు దొరికారు. ముగ్గురు దొరకలేదు.

నా కూతురు వేనా ఆ ముగ్గురిలో లేదు. కనపడిన ప్రతివాళ్ళకీ చెప్తూనే ఉన్నాను. రేడియోలో ప్రయాణికుల జాబితా మూడు రోజులపాటు చదివారు. మూడు రోజులూ పక్కింటి బెర్తా వాళ్ళింట్లో స్టూలు మీద కూర్చుని ఆరువందల పదకొండు పేర్లూ విన్నాను. "రోవేనా" అని దాని పేరే ఒకసారి వచ్చింది. లేచి నిలబడ్డాను. తర్వాత ఇంటిపేరు వేరే చదివారు. ఆ పిల్లని కన్నతల్లి ఎక్కడుందో అని ఏడ్చాను. నా పిల్ల కానందుకూ ఏడ్చాను.

అయినా ఆ రోజునుంచీ దాని కబురు లేదని ఈ ఆడవాళ్ళు ఊరుకోరే! "తొమ్మిదిరోజుల ప్రార్థన పెట్టించు పినాంగ్, ఆత్మ తిరుగుతూ ఉంటుంది" అంటారు. బతికున్న పిల్లకి ప్రార్థన ఏమిటి? రేవు కిటికీలో కూర్చుని ఆ జాబితా రాసింది నా సొంత తమ్ముడు. ఎత్తుకు పెంచిన మేనకోడలు ఓడ ఎక్కితే వాడికి తెలియదా, వాడు పేరు రాయడా? నీ పేరు చెప్పి వాళ్ళని ఇదే అడుగుతున్నాను.

నా మనసుకి తోచేది ఒకటే. వేనా హాంకాంగ్ వెళ్ళిపోయింది. నీ దగ్గరుండి చదివే మంత్రసాని చదువు పూర్తవగానే పనికోసం వెళ్తానని ఎప్పట్నుంచో అంటోంది కదా, నేను ఒప్పుకోలేదు. కోపంగా వెళ్ళుంటుంది. నీకూ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందా? నిజం చెప్పు, తిట్టను.

ఈసారి తికోగ్ గడ్డి బాగా వచ్చింది. చాపలకి రంగులు కలపడానికి మాత్రం చేతులు రావడం లేదు. తెల్ల చాపలే అల్లుతున్నాను.

నీ అక్క,
పినాంగ్


టొండో, మనీలా,
మార్చి 20

మానా పినాంగ్,

నీ ఉత్తరం నిన్న అందింది. నాలుగుసార్లు చదివాను.

వేనా నాతో ఒట్టు వేయించుకోలేదు. ఆ రోజు నేను తెల్లారకుండానే రేవుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తన సంచీ లేదు. ఎటు వెళ్ళిందో నాకు చెప్పలేదు. ఇంతకంటే నాకు తెలియదు, మానా. హాంకాంగ్ సంగతి కనుక్కుంటాను.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? జబ్బు సంగతి ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు. డాక్టరుకి చూపించుకున్నావా?

ఇక్కడ ఒక విషయం జరిగింది. పోయిన గురువారం తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చి నా పేరడిగాడు. టిక్కెట్టు కోసమనుకుని "లైన్లో రండి సార్" అన్నాను. నవ్వి, ఒక కాగితం చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నాడు. సెనేట్ కమిటీ నుంచి సమన్లు. ఓడ మునక మీద విచారణ చేస్తున్నారట. ఏప్రిల్ పదహారున వచ్చి సాక్ష్యం చెప్పాలి. "ఏ సాకులూ చెల్లవు" అని కింద రాసి ఉంది. ఆ కాగితం చూసి మా మేనేజరు మొహంలో నెత్తురు లేదు.

కంపెనీ లాయరు నన్ను పిలిపించాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు, పదహారేళ్ళలో ఆయన నన్ను ముట్టుకోవడం ఇదే మొదలు. "నువ్వేం భయపడకు తినోంగ్. ఆరువందల పదకొండు అని చెప్పు. ఇంకేం అడిగినా ఆరువందల పదకొండే. అంతే" అన్నాడు.

పవిత్రవారంలో ఊరికి రాలేను. నా తరఫున గుడిలో కొవ్వొత్తి వెలిగించు.

నీ తమ్ముడు,
తినోంగ్


బసయ్,
ఏప్రిల్ 4

ఉతోయ్,

నాకేం, బాగానే ఉన్నాను. నా గురించి వదిలెయ్.

నీ ఉత్తరం చదవగానే పరుగెత్తి మాస్టారు యుసేబియో దగ్గరికి వెళ్ళాను. ఈ సెనేట్ కమిటీ అంటే ఏమిటో, మా తమ్ముడికి ఏమైనా అవుతుందా అని అడిగాను. ఆయన రిటైరయినా పాఠం చెప్పే అలవాటు పోలేదు. కుర్చీలో కూర్చోబెట్టి గంటసేపు చెప్పాడు.

"కోర్టుకి నేరం చేసినవాడు కావాలి పినాంగ్. కమిటీకి జరిగిందేమిటో కావాలి. వీళ్ళు ఎవర్నీ శిక్షించలేరు. కానీ ఎవర్నైనా పిలవగలరు. రానంటే పట్టుకురాగలరు. వచ్చి నోరు విప్పకపోతే విప్పేదాకా కూర్చోబెట్టగలరు."

"అంతేనా?"

"అంతే. తర్వాత ఒక పుస్తకం అచ్చు వేస్తారు. దాన్నిబట్టి కొత్త చట్టం చెయ్యాలా వద్దా అని చూసుకుంటారు."

"ఒక పుస్తకానికా ఇంత హడావుడి?"

"ఓడ కంపెనీ యజమానిని నువ్వు పిలిస్తే వస్తాడా? నేను పిలిస్తే వస్తాడా? వీళ్ళు పిలిస్తే వస్తాడు. ఒట్టు వేసి కూర్చుంటాడు. దేశమంతా రేడియోలో వింటుంది. కోర్టు కేసు తేలేసరికి నేను బతికి ఉండను" అన్నాడు.

ఉతోయ్, నాకైతే ఇది దేవుడు పంపిన సమను అనిపించింది. లాయరు ఎందుకు చెప్పమన్నాడో నాకనవసరం, కానీ ఆ మాట చెప్పు. జాబితా సరైనదని, ఆరువందల పదకొండు తర్వాత ఒక్కరు కూడా ఎక్కలేదని దేశమంతా వినేలా చెప్పు. అప్పుడు బెర్తా నోరు మూతపడుతుంది. ఫాదర్ నన్ను చూసి తల పక్కకి తిప్పుకోవడం మానేస్తాడు. నా కూతురు బతికే ఉందని ఒట్టు వేసిన సాక్ష్యం నాకు దొరుకుతుంది.

పదహారున గుహలో చాపలల్లేవాళ్ళమంతా రేడియో పెట్టుకుంటాం. అక్కడైతే చల్లగా ఉంటుంది. గడ్డి విరగదు, మాట కూడా స్పష్టంగా వినపడుతుంది. తడబడకు. చిన్నప్పుడు గుడిలో పద్యం అప్పజెప్పినట్టు గట్టిగా చెప్పు.

పినాంగ్


సెనేట్ భవనం, మనీలా,
ఏప్రిల్ 19

మానా,

పైన చిరునామా చూసి కంగారుపడకు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మంచం ఇచ్చారు, ఫ్యాను ఉంది. రేడియోలో సగం వినే ఉంటావు. మధ్యలో ప్రకటనలు వచ్చి పోయిందేమో, ఏం జరిగిందో రాస్తున్నాను.

గది పెద్దది. కమిటీకి అధ్యక్షురాలు ఒకావిడ, జుట్టు నెరిసింది, గొంతు మెత్తన. నాకు ముందు కంపెనీ యజమాని కూర్చున్నాడు. "నాకు తెలియదు", "గుర్తులేదు", "కింది ఉద్యోగులను అడగండి" అని ముప్పావుగంట గడిపాడు. తర్వాత కింది ఉద్యోగినైన నన్ను పిలిచారు.

"ఈ జాబితా రాసింది మీరేనా, మిస్టర్ లాబొంగ్?"

"అవునమ్మా."

"ఆఖరి నెంబరు?"

"ఆరువందల పదకొండు."

"ఆ తర్వాత ఎవరైనా ఓడ ఎక్కారా?"

లాయరు నా వెనకే ఉన్నాడు. ఆయన ఊపిరి నా మెడకి తగులుతోంది. నువ్వు ఆ గుహలో వింటూ ఉంటావని నాకు తెలుసు.

ఆవిడ మళ్ళీ అడిగింది. నేను బల్లవైపు చూస్తూ కూర్చున్నాను.

"జవాబు చెప్తే మీ మీద కేసు పడుతుందని భయమా? అలాగైతే ఆ మాట చెప్పండి. ఆ ఒక్క ప్రశ్నకి మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు మాకు లేదు."

"అది కాదమ్మా."

"ఉద్యోగం పోతుందనా?"

"కాదమ్మా."

"మరి ఎవరికోసం?"

ఆ ప్రశ్నకీ చెప్పలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "సరే. కారణం లేకుండా మౌనంగా ఉండటం సెనేట్‌ని ధిక్కరించడమే. మీరు నోరు విప్పేదాకా మా దగ్గరే ఉండాలి" అంది. అంత మెత్తగా చెప్తే అది శిక్ష అని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

కాపలా వుండే పెద్దాయన పేరు దాదోయ్. మంచివాడు. వాళ్ళావిడ వండిన పాన్‌సిత్ నూడుల్స్ నాకూ పెడతాడు. "మాట్లాడనివాళ్ళకి ఇక్కడ కింద గది ఇస్తారు. మరీ ఎక్కువ మాట్లాడేవాళ్ళకి పైన కుర్చీలిస్తారు" అని జోకులేస్తాడు.

ఎందుకు చెప్పలేదని అడగకు, మానా. ఇంకేదైనా అడుగు.

తినోంగ్


బసయ్,
మే 3

తినోంగ్,

అడగకు అంటే ఎలా? అందరూ నన్నే అడుగుతున్నారు.

ఆ రోజు గుహలో ఇరవైమందిమి ఉన్నాం. ఆవిడ "ఆ తర్వాత ఎవరైనా ఎక్కారా" అని అడగగానే అందరూ చేతులాపి నా మొహం చూశారు. నువ్వు "లేదు" అంటావని ఎదురుచూశాను. రెండక్షరాల మాట! రేడియో పాడైందేమో అని బెర్తా దాన్ని తట్టింది. పాడవలేదు, నువ్వే.

ఊళ్ళో ఏమంటున్నారో తెలుసా? కంపెనీ నిన్ను కొనేసిందంటున్నారు. మొన్న సంతలో కొడుకు పోయిన ఆండోయ్ నా చాపలవైపు ఉమ్మేశాడు. "మీ తమ్ముడు ఎంతకి మూసుకున్నాడు నోరు?" అన్నాడు. నా తమ్ముడు అలాంటివాడు కాదన్నాను. "మరి ఎలాంటివాడు?" అన్నాడు. చాపలు చుట్టుకుని వచ్చేశాను.

వేనా తండ్రి పోయినప్పుడు దానికి మూడేళ్ళు. ఎవరి చేతికీ వెళ్ళేది కాదు, నీ మెడ పట్టుకుని ఉండిపోయింది. మే నెల పూల పూజకి నువ్వే తెల్లగౌను తెచ్చావు. నిన్న మళ్ళీ మొదలైంది పూజ. ఆ చిన్నపిల్లలు వరసగా పువ్వులు పట్టుకుని పోతుంటే తలుపు వేసుకుని కూర్చున్నాను. అలాంటి పిల్ల కోసం ఒక్క మాట చెప్పలేకపోయావా?

సరే. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. కబురు తెలియనివాళ్ళ కుటుంబాలను కూడా కమిటీ పిలుస్తోంది. క్రిస్పినా కబాలెస్ అని నా అసలు పేరుతో ఎర్రముద్ర వేసిన ఉత్తరం నాకూ వచ్చింది. మే ఇరవై ఒకటికి రమ్మన్నారు. కంపెనీ మనిషి కూడా ఇంటికి వచ్చాడు, ఎంత మర్యాదో! బస్సు టిక్కెట్టు ఇచ్చాడు. "మీ అమ్మాయి ఓడ ఎక్కలేదని మీరు చెప్తే చాలమ్మా, మీ తమ్ముణ్ణి కూడా వదిలేస్తారు" అన్నాడు. నీకోసమూ వస్తున్నాను, నా కూతురి కోసమూ వస్తున్నాను. ఇద్దర్నీ ఇంటికి తెచ్చుకుంటాను.

క్రిస్పినా


సెనేట్ భవనం,
మే 12

మానా,

రావద్దు. ఈ ఉత్తరం బెర్తా మరిది నోయెల్ చేతికిస్తున్నాను, రేపు బస్సెక్కుతున్నాడు. ఎవరూ లేనప్పుడు చదువు. కూర్చుని చదువు.

నువ్వు ఆ కుర్చీలో కూర్చుని "నా కూతురు ఎక్కలేదు" అని ఒట్టు వేస్తే, లాయరు ఆ ఒక్క మాటా పట్టుకుని ఆ ఓడలో అదనంగా మనుషులే లేరంటాడు. నీ నోటితో అందరి పిల్లల్నీ చెరిపేయిస్తాడు. టిక్కెట్టు ఇచ్చింది అందుకే. నా మౌనం ఇంతదూరం వస్తుందని నేననుకోలేదు.

వేనా ఎక్కింది. ఎక్కించింది నేనే.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి జాబితా మూసేశాం. కిటికీ దించేశాం. అయినా జనం తగ్గలేదు. పేర్లు రాసుకోకుండానే, చీటీలిచ్చి సరుకులెక్కించే దారి వైపు పంపిస్తున్నారు. ప్రతి వారం జరిగేదే. పదహారేళ్ళుగా చూస్తూ ఉన్నాను, ఒక్కనాడూ నోరెత్తలేదు. ఐదింటికి వేనా వచ్చింది. చేతిలో నీ టెలిగ్రామ్. "తల్లికి జబ్బు, వెంటనే బయలుదేరు." తర్వాతి ఓడ నాలుగు రోజులకి గానీ లేదు, బస్సుల్లోనూ చోటు దొరకలేదట. "తియో, నాలుగు రోజులు ఆగలేను, ఎలాగైనా ఎక్కించు" అంది. నేను ఆగమనలేదు. చెయ్యి పట్టుకుని సరుకుల దారిన నేనే తీసుకెళ్ళాను. రెండో అంతస్తు నడవలో మడతమంచం వేయించి, వంట మనిషికి చెప్పి దిగాను.

మర్నాడు పొద్దున కబురొచ్చింది.

జాబితాలో పేరు లేదు కాబట్టి నువ్వు బతికే ఉందనుకున్నావు. నీ మొదటి ఉత్తరం వచ్చేసరికి నాకు ధైర్యం చాలలేదు. తర్వాత ప్రతి ఉత్తరానికీ ఇంకాస్త చాలకుండా పోయింది. లాయరు చెప్పమన్న అబద్ధం నీకు ఊపిరి. కమిటీ అడిగే నిజం నిన్ను చంపుతుంది. ఏదీ చెప్పలేక నోరు మూసుకున్నాను.

పదహారున మళ్ళీ నన్ను కూర్చోబెడతారు. చెప్పేస్తాను. ముందు నీకు నా నోటి నుంచే తెలియాలని ఇది రాస్తున్నాను. నోయెల్ రెండు రోజుల్లో చేరతాడు. రేడియో పెట్టకు.

టెలిగ్రామ్ సంగతి మాత్రం ఎవరికీ చెప్పను. జబ్బుతో ఉన్న తల్లి కూతుర్ని చూడాలనుకుంది, అది దేశానికి అక్కరలేదు.

నన్నేం చేసినా సరే.

తినోంగ్


బసయ్,
మే 20

తినోంగ్,

సోర్సోగోన్ దగ్గర కొండ విరిగి దారి మీద పడింది. నోయెల్ బస్సు మూడు రోజులు ఆగిపోయింది. నీ ఉత్తరం పదిహేడున వచ్చింది. రేపటి కమిటీకి నేను రావడం లేదు.

పదహారున నేను గుహలోనే ఉన్నాను. అందరితో కలిసి విన్నాను.

"ఆరువందల పదకొండు తర్వాత ఎక్కిన వాళ్ళలో ఒక్కరి పేరు చెప్పగలరా?" అంది ఆవిడ.

"రోవేనా కబాలెస్. పందొమ్మిదేళ్ళు. మా అక్క కూతురు."

నీ గొంతు నేను వెంటనే గుర్తుపట్టలేదు. ఎవరో ముసలాయన అనుకున్నాను. తర్వాత అర్థమైంది. బెర్తా నా చేతిలోంచి చాప తీసేసుకుంది. నేను ఏడవలేదు. రేడియో కట్టెయ్యబోతే వద్దన్నాను. చివరిదాకా విన్నాను.

అందుకే ఆ ప్రశ్న కూడా విన్నాను. "అంత కిక్కిరిసిన ఓడలో, అదే రోజు ఎందుకు వెళ్ళాలనుకుంది?" అని ఇంకో సెనేటరు అడిగాడు. నువ్వు "ఇంటి మీద బెంగపెట్టుకుంది సార్" అన్నావు. అంతే అన్నావు.

నీకు తెలియనిది ఒకటుంది. నాకు జబ్బు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టానని వేనా రాసింది. హాంకాంగ్ పోతే ఇక రాదని భయపడ్డాను. ఇంటికి రప్పిస్తే ఎలాగో ఆపుకోవచ్చనుకున్నాను. మొరాలెస్ చేత ఆ టెలిగ్రామ్ కొట్టించాను. తెలిసి తెలిసి, నవ్వుతూ కొట్టించాను.

నామీద కోపమొచ్చి హాంకాంగ్ పోయిందని నీకు రాస్తున్నప్పుడల్లా నా మనసులో ఉన్నది ఇదే. నా అబద్ధాన్ని పసిగట్టింది, నమ్మలేదు, అందుకే రాలేదు అని. నమ్మలేదనుకుంటేనే బతికేదాన్ని. నమ్మిందట కదా. పరుగెత్తుకుంటూ వచ్చిందట కదా.

నువ్వు ఎక్కించావు. నేను పిలిచాను. ఇక ఉత్తరాలు రాయకు.

క్రిస్పినా


మనీలా,
ఆగస్టు 26

మానా,

రాయవద్దన్నావు. మూడు నెలలు రాయలేదు. ఈ పార్సిల్ మాత్రం పంపకుండా ఉండలేను. కమిటీ నివేదిక. నూట నలభైరెండో పేజీలో కాగితం పెట్టాను.

సాక్ష్యం చెప్పిన రోజే నన్ను వదిలేశారు. కంపెనీ కూడా ఆ రోజే వదిలేసింది. ఉద్యోగం పోయిందని నాకు బెంగ లేదు, కిటికీ ముందు మళ్ళీ కూర్చోలేను. నేను చెప్పిన వారం తర్వాత సరుకులెక్కించే వాళ్ళు ఇద్దరు తమంతట తామే వచ్చారు. ఆ వెనక బతికి బయటపడ్డ వంట మనిషి వచ్చాడు. చీటీలు ఎవరు ఇమ్మన్నారో చెప్పాడు. అప్పుడు యజమానిని మళ్ళీ పిలిచారు. ఈసారి "గుర్తులేదు" అనలేకపోయాడు.

తర్వాత కుటుంబాల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. సంచీలకొద్దీ. ఫోటోలు పెట్టి పంపేవాళ్ళు, వీడు ఎక్కాడా, ఈమె ఎక్కిందా అని. కమిటీ ఆఫీసులో వాళ్ళకి సాయం చెయ్యమని అధ్యక్షురాలు నన్ను అడిగింది. సమన్లు లేవు, ఊరికే అడిగింది. జూన్‌లో అగ్నిపర్వతం బద్దలై మనీలా అంతా బూడిద కురిసిన రోజు కూడా వెళ్ళాను. కల్బాయోగ్ నుంచి ఒక ముసలాయన కొడుకు ఫోటో తెచ్చాడు. నాకు గుర్తే. పచ్చచొక్కా, కోడిపుంజుని బుట్టలో పెట్టుకుని ఎక్కాడు. చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, "బతికించావు బాబూ" అన్నాడు. కొడుకు చచ్చిపోయాడని చెప్తే ఆ మాట అన్నాడు. బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుండిపోయాను.

మొత్తం మూడువందల ముప్ఫై ఎనిమిది పేర్లు. ఇప్పుడు వాళ్ళకి మరణపత్రాలు ఇస్తారు. ఇంతకుముందు లెక్కప్రకారం వాళ్ళు ఓడే ఎక్కలేదు.

దీనివల్ల ఇంకేం ఒరిగిందని అడిగితే, ఎక్కువ చెప్పలేను. నివేదిక ప్రాసిక్యూటరుకి పంపారు. యజమాని ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. ఓడల మీద కొత్త చట్టం ముసాయిదా తయారైంది, ఎన్నికలొస్తున్నాయి, ఎప్పుడవుతుందో. అధ్యక్షురాలినే ఒకసారి అడిగాను. "అడగడం వరకే మా చేతిలో ఉంది తినోంగ్. అడిగాం" అంది. ఆవిడ కూడా అలిసిపోయినట్టుంది.

నీ టెలిగ్రామ్ ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

నువ్వు పిలవడం తప్పు కాదు మానా. ఎవరి తల్లి పిలవదు? ఓడలో చోటుందో లేదో చూడాల్సినవాణ్ణి నేను.

తినోంగ్


బసయ్,
అక్టోబరు 6

ఉతోయ్,

పుస్తకం వచ్చి నెలయింది. బల్ల మీద పెట్టి దాని చుట్టూ తిరుగుతున్నాను. పోయిన వారం మాస్టారు యుసేబియోని పిలిచాను. అదంతా ఇంగ్లీషే కదా. "ఏ పేజీ నుంచి చదవను?" అన్నాడు. మొదటి నుంచీ అన్నాను. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకి నూట నలభైరెండో పేజీ వచ్చింది. "కబాలెస్, రోవేనా. 19. బసయ్, సమార్." ఆ పేరు మీద వేలు పెట్టి చూపించాడు. పేరు వరకు నేను చదవగలను.

ఫాదర్‌కి చెప్పి తొమ్మిదిరోజుల ప్రార్థన మొదలుపెట్టించాను. ఆండోయ్ వచ్చాడు. వెనక బెంచీలో కూర్చుని జపమాల తిప్పి వెళ్ళిపోయాడు. వాడి కొడుకు పేరు నూట ముప్ఫై తొమ్మిదో పేజీలో ఉంది.

నువ్వు చెప్పినదంతా మాస్టారు రెండుసార్లు చదివి వినిపించాడు. సెనేటర్లు ఎన్ని అడిగారు నిన్ను! జాబితా ఎన్నింటికి మూశారు, సరుకుల దారి వెడల్పెంత, చీటీల రంగేమిటి, ఓడ ఏ పక్కకి ఒరిగి ఉంది. అన్నిటికీ జవాబు చెప్పావు. అవన్నీ అడగాల్సినవే, కాదనను.

నాకు కావలసినవి వాళ్ళెవరూ అడగలేదు. ఆ రోజు అది ఏం తిని బయలుదేరింది? ఏ గౌను వేసుకుంది? తల దువ్వుకుందా? నడవలో మంచం వేశావన్నావు, పక్కన ఎవరున్నారు, ఎవరైనా ఆడవాళ్ళా? నువ్వు దిగి వచ్చేస్తుంటే ఏమంది? నామీద కోపంగా ఉందా, బెంగగానే ఉందా? చెయ్యి ఊపిందా? నువ్వు వెనక్కి తిరిగి చూశావా?

ఇవి ఉత్తరంలో రాయొద్దు. నా ఎదురుగా కూర్చుని చెప్పాలి. క్షమించేశానని చెప్పడానికి పిలుస్తున్నాననుకోకు, అది నాకింకా తెలియదు. నన్ను నువ్వు క్షమించగలవో లేదో కూడా తెలియదు. ఆ సాయంత్రం దాన్ని ఆఖరున చూసినవాడివి లోకంలో నువ్వొక్కడివే ఉన్నావు. నిన్ను తప్ప నేనెవర్ని అడగను?

బస్సులో రా. మత్‌నోగ్ దగ్గర బస్సునే ఎక్కించుకుని దాటించే ఆ గంటన్నర ఓడ ఎలాగూ తప్పదు. అక్కడ బస్సులో కూర్చోకు. దిగి పైకెళ్ళి, గాలి తగిలేచోట, కడ్డీ పట్టుకుని నిలబడు.

నీ అక్క,
పినాంగ్